అద్దం, కాన్వాసు, రాగిరేకు: పనిలో ఉన్న స్వీయచిత్రంలో కుంచె ఏ చేతిలో ఉండాలి?

మీరు అడిగింది ఇది. ఎం.వి.పి. కాలనీలోని మీ మేడగదిలో అద్దం ముందు నిలబడి, ఈజిల్ (కాన్వాసును నిలబెట్టే చట్రం) దగ్గర పని చేసుకుంటున్న మీ బొమ్మను మీరే తైలవర్ణాల్లో వేశారు. మీది కుడిచేతి వాటం కాగా బొమ్మలో కుంచె ఎడమచేతిలో ఉందని మీ అమ్మగారు చూసీ చూడగానే పట్టేశారు. ఇప్పుడు అదే బొమ్మను రాగిరేకు మీద ఎచింగ్‌గా, అంటే పూత పూసిన రేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని ద్రావణంతో తినిపించి, సిరాతో కాగితం మీద అచ్చు తీసే పద్ధతిలో, చేయాలనుకుంటున్నారు. రేకు మీద ఉన్నదున్నట్టు గీయాలా, తిరగేసి గీయాలా, పెయింటింగులో చేతిని మార్చి వేయాలా అన్నవి మీ సందేహాలు. విశాఖలో దాదాపు నలభై ఏళ్లుగా రంగులతోనూ రేకులతోనూ పని చేస్తున్నాను. ఈ మూడు సందేహాలూ నాకూ వచ్చినవే కనుక కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. ఎచింగ్ కోసం ఆ పెయింటింగును ఎదురుగా పెట్టుకోకండి. రేకును ఒళ్లో పెట్టుకుని మళ్లీ అదే అద్దం ముందు కూర్చోండి. అద్దంలో ఏది ఏ పక్కన కనిపిస్తే దాన్ని రేకు మీద ఆ పక్కనే గీయండి. అద్దం మిమ్మల్ని ఒకసారి తిప్పుతుంది, అచ్చు ఇంకోసారి తిప్పుతుంది, రెండు తిప్పుళ్లూ ఒకదానికొకటి చెల్లిపోయి కాగితం మీదికి కుడిచేతి వాటం మనిషే వస్తాడు. పెయింటింగును చూసి రేకు మీద నేరుగా గీసినా కుంచె కుడిచేతిలోకే వస్తుంది, ఎందుకంటే ఆ పెయింటింగు కూడా అద్దంలోని బొమ్మే. పెయింటింగును ట్రేసింగ్ కాగితం మీద ఎత్తి, కాగితాన్ని బోర్లించి రేకు మీదికి దించితేనే అచ్చులో మళ్లీ ఎడమచేయి కనిపిస్తుంది. వాటం సరిచేయడం ఒక్కటే ఉద్దేశమైతే పెయింటింగుకు నకలు తీసినా సరిపోతుంది. అయినా అద్దం దగ్గరికే వెళ్లమంటున్నానంటే, దానికి కారణం చేతి దగ్గర ఉంది. అది కింద చెబుతాను.

తిరగబడడాన్ని ఈ ప్రాంతం వాళ్లకు చెప్పడానికి శంఖం కంటే మంచి ఉదాహరణ లేదు. 1650లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఒక గవ్వను ఎచింగ్ చేశాడు. ఎదురుగా ఉన్న గవ్వను చూసినది చూసినట్టు రేకు మీద గీశాడు. సంతకాన్ని మాత్రం జాగ్రత్తగా తిరగేసి రాశాడు. దాంతో అచ్చులో సంతకం సరిగ్గా పడింది, గవ్వ సుడి మాత్రం ప్రకృతిలో ఉండే దిక్కుకు విరుద్ధంగా తిరిగింది. ఆర్.కె. బీచ్ దగ్గర అమ్మే మామూలు శంఖాన్ని మీరు అలాగే రేకు మీద గీసి అచ్చు తీశారంటే, పూజగదుల్లో అపురూపంగా దాచుకునే దక్షిణావర్త శంఖం పైసా ఖర్చు లేకుండా మీ కాగితం మీద ప్రత్యక్షమవుతుంది. గవ్వ విషయంలో అంతటివాడు పట్టించుకోలేదు గనుక మనమూ పట్టించుకోనక్కర్లేదని వాదించేవారు ఉన్నారు. నేను ఆ వాదనను సగమే ఒప్పుకుంటాను, ఎందుకంటే గవ్వకు వాటం లేదు, పని చేసే మనిషికి ఉంది.

ఇదే రెంబ్రాంట్ 1648లో కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని గీసుకుంటున్న తన బొమ్మను ఎచింగ్ చేశాడు. సుమారు 16 సెంటీమీటర్ల ఎత్తు, 13 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న రేకు అది. అందులో పట్టుబట్టలు లేవు, గొలుసులు లేవు. తలమీద టోపీ, ఒంటిమీద పనిబట్టలు, కిటికీలోంచి పడే వెలుగు, పైకెత్తి మనల్ని, అంటే అద్దాన్ని, చూస్తున్న కళ్లు, అంతే. అచ్చులో గీసే చేయి కుడిచేయే. రేకును ఆయన ఒక్కసారి గీసి వదిలేయలేదు; గీతలు చేరుస్తూ, చీకటిని పెంచుతూ దశలు దశలుగా అచ్చులు తీశాడు. మొదట్లో ఖాళీగా ఉన్న కిటికీలో తర్వాతి దశ ఒకదానిలో బయటి ప్రకృతి దృశ్యం కూడా వచ్చి చేరింది. పెయింటింగులో పాత పొర కొత్త పొర కింద కప్పబడిపోతుంది, ఎచింగ్‌లో మాత్రం ప్రతి దశా వేరే కాగితం మీద సాక్ష్యంగా మిగిలిపోతుంది. పని చేస్తున్న మనిషి బొమ్మకు ఇంతకంటే తగిన మాధ్యమం ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

పెయింటింగులో చేతిని మార్చాలా అన్న మీ ప్రశ్నకూ ఆయన దగ్గరే జవాబు ఉంది. లండన్‌లోని కెన్‌వుడ్ హౌస్‌లో, వెనకగోడ మీద రెండు పెద్ద వలయాలున్న ఆయన స్వీయచిత్రం ఉంది. సుమారు 1665 నాటిది. ఎక్స్‌రే తీసి చూస్తే, మొదట అద్దంలో కనిపించినట్టే కుంచె పట్టిన చేయి కాన్వాసు వైపు చాచి ఉన్నట్టు వేసి, తర్వాత దాన్ని కప్పేసి, పాలెట్‌నూ (రంగులు కలుపుకునే పలక) కుంచెలనూ అటుదిటు మార్చాడని తేలింది. మార్చిన తర్వాత కూడా ఆ చేతిని వేళ్లు లెక్కపెట్టేలా వేయలేదు, నాలుగు దెబ్బల రంగుతో వదిలేశాడు. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1548లో, కాతరీనా వాన్ హేమెస్సెన్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి ఈజిల్ ముందు కూర్చున్న తన బొమ్మ వేసుకుని కుంచెను కుడిచేతిలోనే ఉంచింది. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉన్న ఆ చిత్రాన్ని, ఈజిల్ దగ్గర పనిలో ఉన్న చిత్రకారుల స్వీయచిత్రాల్లో మనకు మిగిలిన తొలి వాటిలో ఒకటిగా చెబుతారు. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1879 ప్రాంతంలో వేసుకున్న బొమ్మలో మాత్రం కుంచెను అద్దంలో కనిపించినట్టు ఎడమచేతిలోనే వదిలేశాడు. వాన్ గో కోసుకున్నది ఎడమచెవి. 1889 జనవరిలో వేసుకున్న బొమ్మల్లో కట్టు కుడిచెవికి కనిపించడానికి కారణమూ అద్దమే. అంటే రెండు దారులకూ పెద్దల అండ ఉంది, మీ పెయింటింగును మీరు దిద్దకపోయినా కొంప మునగదు. నన్ను అడిగితే దిద్దవద్దనే అంటాను, ఎందుకంటే పక్కన ఎచింగ్ పెట్టబోతున్నారు కనుక ఆ తేడాయే మీకు పనికొస్తుంది.

చేతితోపాటు తిరగబడేవి ఇంకా ఉంటాయి. చొక్కా జేబు కుడిరొమ్ము మీదికి వెళ్తుంది, చీరకట్టులో వేసుకునేవారికి పైట కుడిభుజం మీదికి వస్తుంది, పాపిడి, పుట్టుమచ్చ, చేతిగడియారం అన్నీ స్థానం మారుతాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం నుంచి వచ్చిన దేవతల బొమ్మల్ని మన ముత్తాతలు గోడలకు తగిలించుకున్నారు. అక్కడ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి వాడుతూ, రాతి మీద బొమ్మను తిరగేసి దించి ఉండకపోతే సరస్వతీదేవి వీణను ఎడమచేత్తో మీటేది. వాళ్లది పెయింటింగుకు నకలు తీసే పని, నకలులో వాటం మారకూడదు. మీరు చేయబోయేది నకలు కాదు, అదే మనిషి అదే పనిలో ఉండగా రెండోసారి చూసి గీసిన బొమ్మ. ఈ రెండింటినీ కలగలిపి ఆలోచించడం వల్లనే మీకు అన్ని సందేహాలు వచ్చాయని నా అభిప్రాయం.

ఇక చేయి సంగతి. పని చేస్తున్న స్వీయచిత్రంలో అన్నింటికంటే కష్టమైనది ముఖం కాదు, పని చేసే చేయి, ఎందుకంటే గీయవలసిన చేయీ గీస్తున్న చేయీ ఒకటే. అద్దంలో చూసి చేతి బొమ్మ వేద్దామని కుంచె ఎత్తితే ఆ చేయి ఉన్నచోట ఉండదు. దీనికి పెయింటింగులో ఒక చిట్కా ఉంది. ఖాళీగా ఉన్న ఎడమచేతికి ఒక కుంచెనిచ్చి అద్దం ముందు పనిచేస్తున్నట్టు పట్టుకుని, దాన్ని చూస్తూ కుడిచేత్తో వేయండి. అద్దంలోని ఎడమచేయి, బొమ్మలోని మనిషికి కుడిచేయి అవుతుంది, చేయి కదలకుండానూ ఉంటుంది. అయితే ఆ చేతికి కుంచె పట్టడం అలవాటు లేదు కాబట్టి వేళ్లు బిగుసుకుని, చెంచా పట్టుకున్నట్టు కనిపిస్తుంది; చూసేవాడికి ఎక్కడో తేడా తడుతుంది. మీ పెయింటింగు ఫొటోలో చేయి బిగుసుకున్నట్టు కనిపించకపోవడానికి మీరు ఈ చిట్కా వాడకపోవడమే కారణం, అది మంచిదే.

రేకు మీద ఈ చిట్కా అసలు పనికిరాదు, ఎందుకంటే అచ్చులో మళ్లీ తిరగబడి ఎడమచేయి వస్తుంది. అక్కడ నిజమైన కుడిచేతినే చూడాలి. సూదిని రేకుకు ఆనించి, ఒక గీత గీయబోతూ ఆగి, తలెత్తి అద్దంలో ఆ చేతిని ఒక క్షణం చూడండి. చూపుడువేలి రెండో కణుపు ఎక్కడ వంగింది, బొటనవేలి గోరు మీద వెలుగు ఎంత మేర పడింది, మణికట్టు కింద నీడ ఎక్కడ మొదలైంది, ఈ మూడే పట్టుకోండి. తల దించి ఆ మూడు గీతలు గీసి మళ్లీ చూడండి. ఒక చేయి పూర్తి కావడానికి నాకు మామూలుగా రెండు ఉదయాలు పడుతుంది. ఈ పద్ధతిలో ఇంకొక లాభం ఉంది. తల వంచి ఉండగానే కళ్లు మాత్రం పైకి లేస్తాయి, నుదుటి మీద అడ్డంగా ముడతలు పడతాయి, కనుపాప కింద తెల్లగుడ్డు సన్నగా కనిపిస్తుంది. పోజు ఇచ్చే ముఖంలో ఇవేవీ రావు. పెయింటింగును చూసి నకలు తీయవద్దన్నది ఇందుకే: నిలబడి కుంచె పట్టిన మనిషి కళ్లూ, కూర్చుని సూది పట్టిన మనిషి కళ్లూ వేరు.

అద్దం ఎంత పెద్దది కావాలని కూడా అడిగారు. మీరు అనుకుంటున్నంత పెద్దది అక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను గాలికి మా మేడగది కిటికీ తలుపులు ఊడి అద్దం మీద పడ్డాయి. జానెడు పొడవున్న ఒక ముక్క మాత్రం మిగిలితే, కరెంటు లేని ఆ రోజుల్లో ఇంకేం పని చేయాలో తోచక దాన్ని గోడకు ఆనించి నా బొమ్మ గీశాను. తల మొత్తం అందులో పట్టింది. తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపించింది: అద్దం మీద మన తల కొలత ఎప్పుడూ అసలు కొలతలో సగమే ఉంటుంది, దగ్గరగా నిలబడినా దూరంగా నిలబడినా మారదు. నమ్మకం కుదరకపోతే రేపు ఉదయం ఒక కన్ను మూసి, సబ్బుముక్కతో అద్దం మీద నడినెత్తి దగ్గర ఒక గీత, గడ్డం దగ్గర ఒక గీత గీసి స్కేలు పెట్టి చూడండి. 22 సెంటీమీటర్ల తలకు 11 సెంటీమీటర్లే వస్తుంది. కాన్వాసు మీద అసలు కొలతలో వేసుకునేవారు నిజానికి కనిపించినదాన్ని రెట్టింపు చేస్తున్నారు, అందుకే చాలామంది ముఖాలు ఉబ్బినట్టు వస్తాయి. పదకొండు సెంటీమీటర్ల తల మాత్రం రేకు మీదికి పెంచకుండా తగ్గించకుండా సరిగ్గా దిగుతుంది.

ఇంకొక మాట, నలభై దాటినవారికి. అద్దం 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మన బొమ్మ కంటికి 120 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టే. రేకేమో 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చదువుకునే కళ్లజోడుతో రేకు కనిపిస్తుంది, అద్దంలో మొహం మసకబారుతుంది. నేను జోడును ముక్కు చివరకు దించుకుని దాని పైనుంచి అద్దాన్ని చూస్తాను, నా బొమ్మల్లోనూ అది అలాగే ఉంటుంది. మీకు ఇంకా ఆ అవసరం రాలేదనుకుంటాను. ఫోను కెమెరాతో సరిపెట్టుకోవచ్చా అంటే, వద్దు. చేయి చాచి దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెరిగి చెవులు వెనక్కిపోతాయి. పైగా ముందు కెమెరా తెర మీద అద్దంలా చూపించి, సెట్టింగును బట్టి ఒకలా గానీ ఇంకోలా గానీ దాచుకుంటుంది, చివరికి ఎన్నిసార్లు తిరగబడిందో లెక్క తేలదు.

సంతకం విషయంలో నా మొదటి రేకు కథ చెప్పాలి. బొమ్మంతా అద్దం చూసి గీసి, చివర ఉత్సాహంగా తెలుగులో మామూలుగా సంతకం పెట్టేశాను. అచ్చు తీశాక చూస్తే మొదట తప్పే కనిపించలేదు, మన అక్షరాలు గుండ్రటివి కదా, సున్నా తిరగబడినా సున్నాయే. మా గురువుగారు కాగితాన్ని వెలుగుకు ఎత్తి, తలకట్లన్నీ ఎడమవైపు వాలిపోయాయని చూపించి, ‘నువ్వు సరిగ్గానే ఉన్నావు గానీ నీ పేరు తిరగబడిందిరా’ అన్నారు. రేకు మీద సంతకం పెట్టాలనుంటే పలుచటి కాగితం మీద రాసి, వెనక నుంచి చూస్తూ దించుకోండి. లేదా రేకు మీద సంతకం పెట్టడమే మానేసి, అచ్చు కింద పెన్సిలుతో పెట్టండి. ఒకవేళ అచ్చును పెయింటింగు వాటంలో కూడా చూసుకోవాలనిపిస్తే, తడి ఆరని అచ్చు మీద ఇంకొక తడి కాగితం వేసి ప్రెస్సులో నడిపితే కౌంటర్ ప్రూఫ్ వస్తుంది. పలుచగా ఉంటుంది, దిద్దుబాట్లు చూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

మన ఊరి గాలికి సంబంధించిన కొన్ని జాగ్రత్తలు పుస్తకాల్లో ఉండవు. చలిదేశాల పుస్తకాల్లో ఫెర్రిక్ క్లోరైడ్‌లో (రాగిని తినే ద్రావణం) రేకును ఉంచవలసిన నిమిషాలు రాసి ఉంటాయి; మే నెల వైజాగ్ ఎండలో ద్రావణం వెచ్చగా ఉండి అంతకంటే త్వరగా తినేస్తుంది. అందుచేత రేకు ముక్క మీద ముందు పరీక్ష చేసుకుని మీ నిమిషాలు మీరే రాసుకోండి. రేకును బోర్లించి వేలాడదీస్తే గీతల్లో మడ్డి నిలవదు. మైనం కలిసిన గ్రౌండ్ (రేకు మీది పూత) ఈ ఉక్కకు మెత్తబడుతుంది, అరచేతి చెమట దాన్ని అంటుకుని లేపేస్తుంది. రెండు చెక్కముక్కల మీద ఒక పలక ఆనించి, చేతిని దానిపై పెట్టి గీయండి. తడిపిన కాగితాలను పాలిథిన్‌లో రెండు రోజులకు మించి ఉంచితే బూజు చుక్కలు వస్తాయి. ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది కనుక పని ముగిశాక రేకుకు పలుచగా వేజిలిన్ రాసి కాగితంలో చుట్టి దాచుకోండి. వాడేసిన ద్రావణాన్ని వాష్‌బేసిన్‌లో పారబోయకండి, అందులో రాగి కరిగి ఉంటుంది. చాకలిసోడా కలిపితే మడ్డి అడుక్కు దిగుతుంది, ఆ మడ్డిని ఆరబెట్టి డబ్బాలో విడిగా పెట్టి, రసాయన వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. అక్వాటింట్ (గీతలు కాకుండా నీడల మేరలు తెచ్చే పద్ధతి) కోసం రాళం పొడి చల్లేటప్పుడు మాస్కు తప్పనిసరి, దగ్గరలో మంట ఉండకూడదు.

రంగుల్లో అచ్చు తీద్దామా అని చివర్లో ఒక వాక్యం రాశారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని అటెలియే 17 అనే అచ్చుబొమ్మల కార్ఖానాలో పనిచేసిన కృష్ణారెడ్డి గారి పేరు మీరు వినే ఉంటారు. ఒకే రేకు మీద వేర్వేరు లోతులు చెక్కి, నూనె పాళ్లలో తేడా ఉన్న సిరాలను మెత్తటి రోలరుతోనూ గట్టి రోలరుతోనూ ఎక్కించి, ఒక్క లాగుడులో పలు రంగులు తెచ్చే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. నేర్చుకోవలసిన విద్యే, కానీ ఈ రేకు మీద వద్దు. రంగులతో చెప్పవలసింది మీ పెయింటింగు ఇప్పటికే చెప్పేసింది. ఎచింగ్‌కు నల్లసిరా చాలు. కావాలంటే కొంచెం కాల్చిన అంబర్ (ముదురు గోధుమరంగు) కలిపి వెచ్చదనం తెచ్చుకోండి.

అచ్చు చూశాక మీకొక విచిత్రం ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. ఇంట్లోవాళ్లు పెయింటింగు కంటే ఎచింగే మీలా ఉందంటారు, మీకేమో అందులోని ముఖం ఎవరో తెలిసినవాళ్లదిలా తోస్తుంది. ఇంట్లోవాళ్లు రోజూ చూసే ముఖం అది, మీరు రోజూ అద్దంలో చూసుకునేది ఆ పెయింటింగులోది. అప్పుడు కంగారుపడి కన్నునో ముక్కునో దిద్దకండి. రెండింటినీ ఒకే గోడ మీద పెట్టేటప్పుడు ఏది ఎటు ఉండాలో చూసుకోండి. మీరు పంపిన ఫొటోలో మీ ఈజిల్ పెయింటింగుకు ఎడమ అంచున ఉంది. కాబట్టి పెయింటింగును కుడివైపున, ఎచింగ్‌ను ఎడమవైపున తగిలిస్తే ఇద్దరు పనివాళ్లు ఎదురెదురుగా ఉన్నట్టు ఉంటుంది, తారుమారు చేస్తే ఒకరికొకరు వీపు చూపించుకుంటారు. మొదటి ప్రూఫ్‌లో (పరీక్ష అచ్చులో) చేయి కుదరకపోతే రేకును పారేయకండి. బర్నిషర్‌తో (రేకును నున్నచేసే పనిముట్టు) ఆ మేరకు నున్నగా రుద్ది, మళ్లీ గ్రౌండ్ వేసి, మళ్లీ అద్దం ముందు కూర్చోండి.